రెడ్ ఫ్యాక్షన్: గెరిల్లా – శత్రువు పట్టుతోపాటు ప్రజల మనోస్థైర్యం కూడా పడిపోతోంది, పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

ఎర్రధూళి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 2009లో వచ్చిన వీడియో గేమ్ 'రెడ్ ఫ్యాక్షన్: గెరిల్లా'ను నేను చాలా ఆలస్యంగా, 2018లో విడుదలైన రీ-మార్స్-టర్డ్ అనే మెరుగుపరిచిన కూర్పులో, గత నెలలోనే మొదలుపెట్టాను. ఆటలోని ప్రాంతాలను సెక్టార్లంటారు; పార్కర్ సెక్టారును శత్రువు నుంచి విడిపించి ఇప్పుడు డస్ట్ సెక్టారులో ఉన్నాను. ఇంత పాత ఆట గురించి ఇప్పుడు అడగడం ఎందుకని కొందరికి అనిపించవచ్చు గానీ, మూడు రోజులుగా ఒక సంఘటన నన్ను వదలడం లేదు.

ఆట తెలియనివారి కోసం నేపథ్యం రెండు మాటల్లో చెబుతాను. కథాకాలం 2125. అంగారకుడి మీద గనుల్లో పనిచేసే కార్మికులను ఒకప్పుడు అల్టార్ అనే సంస్థ పీడించింది. వారు తిరగబడినప్పుడు భూమి నుంచి వచ్చిన ఎర్త్ డిఫెన్స్ ఫోర్స్, అంటే ఈడీఎఫ్, వారికి అండగా నిలిచింది. ఆ సంఘటనల తర్వాత యాభై ఏళ్ళకు, భూమి మీద వనరులు అడుగంటిపోయేసరికి, కాపాడడానికి వచ్చిన ఆ సైన్యమే కార్మికుల మెడ మీద కత్తి పెట్టి ఖనిజం తవ్విస్తోంది. గని పనుల కోసం అంగారకుడికి వచ్చిన అలెక్ మేసన్ ఈడీఎఫ్ చేతిలో తన సోదరుడు డ్యాన్ చనిపోవడం కళ్ళారా చూసి తిరుగుబాటుదారుల్లో చేరతాడు. మనం నడిపించేది అతన్నే.

ఇక సంఘటన. డస్ట్‌లో కార్మికుల నివాసాలకు ఆనుకొని ఈడీఎఫ్ వారి భవనం ఒకటి ఉంది. ఒక పెద్ద లారీకి రిమోట్ ఛార్జులు, అంటే దూరం నుంచి పేల్చే బాంబులు, అంటించి, దాన్ని నేరుగా ఆ భవనంలోకి తోలి, చివరి క్షణంలో దూకి పేల్చాను. భవనం కూలింది, సెక్టారు మీద ఈడీఎఫ్ పట్టు తగ్గింది. అయితే కాల్పుల మోత విని నాకు తోడుగా పోరాడడానికి పరుగెత్తుకొచ్చిన కార్మికులు కొందరు అదే గోడ కింద ఉండిపోయారు. తెర మూలన ప్రజల మనోస్థైర్యం తగ్గినట్టు గుర్తు కనిపించింది. ఎవరి కోసం పోరాడుతున్నానో వారినే చంపుకున్నానని తెలిశాక ఆట ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

నా ప్రశ్నలు రెండు. ఈ బాధ కలగాలని రూపకర్తలు కావాలనే అలా అమర్చారా, లేక ఇది భవనాలు కూల్చే ఆటకు తగిలించిన ఒక లెక్క మాత్రమేనా? రెండోది సాంకేతికమైనది. కొన్ని భవనాలు మూడు వైపులా గోడలు పోయినా ఒక్క మూల మీద నిలబడి ఉంటాయి. నేను వెనుదిరిగి పది అడుగులు వేశాక కూలతాయి. అవి ఎప్పుడు పడతాయో ముందే పసిగట్టే మార్గం ఉంటే నా వైపువారిని కాపాడుకోగలను.

పాతడిస్కు

ఎర్రధూళి గారూ, ఈ ఆటను విడుదలైన ఏడాదిలోనే డిస్కు కొని ఆడినవాణ్ణి నేను. మీరు చెప్పినటువంటి క్షణం నాకూ ఎదురైంది, అందుకే సమాధానం రాయాలనిపించింది.

ప్రతి సెక్టారులోనూ రెండు కొలతలు ఉంటాయి. ఒకటి ఈడీఎఫ్ పట్టు, రెండోది ప్రజల మనోస్థైర్యం. వారి కట్టడాలను కూల్చినా, చిన్న చిన్న గెరిల్లా చర్యలను పూర్తిచేసినా పట్టు తగ్గుతుంది. అది సున్నాకు చేరి, ఆ సెక్టారులోని ముఖ్యమైన కథా ఘట్టాలు కూడా పూర్తయితేనే సెక్టారు విముక్తమవుతుంది. మనోస్థైర్యానికి విముక్తితో నేరుగా సంబంధం లేదు. అది ఎక్కువగా ఉంటే మీరు పోరాడుతున్న చోటికి జనం ఆయుధాలు పట్టుకొని వస్తారు, మన నిల్వల్లో దొరికే మందుగుండు పెరుగుతుంది. తక్కువగా ఉంటే మీరు ఒంటరి. అంతే తప్ప మనోస్థైర్యం అట్టడుగున ఉన్నా సెక్టారును గెలవవచ్చు. నేను మొదటిసారి ఆడినప్పుడు డస్ట్‌ను అలాగే గెలిచాను, ఆ గెలుపు నాకు రుచించలేదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది: అమరిక కావాలని చేసిందే, కానీ సగంలో ఆగిపోయింది. మీరు కూల్చిన గోడ కింద పడి పదిమంది కార్మికులు చనిపోయినా, తర్వాత బందీలను విడిపించే చర్య ఒకటి పూర్తిచేస్తేనో, ఈడీఎఫ్ ప్రచార కట్టడాలను రెండు మూడు పడగొడితేనో ఆ కొలత తిరిగి నిండిపోతుంది. చనిపోయినవారి గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు, వారి ఇంటివారు మిమ్మల్ని నిలదీయరు. ప్రజల నమ్మకాన్ని నీళ్ళ తొట్టిలాగా ఖాళీచేసి మళ్ళీ నింపుకోగలిగే వస్తువుగా చూపించడం ఈ ఆటలో నేను క్షమించలేని లోపం. అయినా ఆ తొట్టి ఒకటి ఉండబట్టే మీరు మూడు రోజులుగా ఆలోచిస్తున్నారు. అదే కాలంలో వచ్చిన ఓపెన్ వరల్డ్ ఆటలు, అంటే ఇష్టం వచ్చినట్టు తిరగగలిగే ఆటలు, చాలావాటిలో దారిన పోయేవారు చనిపోతే పోలీసులు వెంటపడడం తప్ప ఇంకేమీ జరిగేది కాదు.

ఆచరణలో పనికొచ్చే మాట ఒకటి. ఈడీఎఫ్ అప్రమత్తతను రంగుల్లో చూపించే గుర్తు ఆకుపచ్చలో ఉన్నప్పుడు దాడి మొదలుపెట్టండి. అది పసుపు, నారింజ దాటి ఎరుపుకు వెళ్ళేసరికి ఈడీఎఫ్ బలగాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి, మీ వైపువారూ వస్తూనే ఉంటారు, అప్పుడు కూలే గోడకు ఎవరు ఎవరో తెలియదు. పని అయిన వెంటనే స్థావరానికి వెళ్ళిపోయి, వేడి చల్లారాక తిరిగి రండి. గెరిల్లా అన్న మాటకు అర్థం కూడా అదే కదా: నిలబడి యుద్ధం చేయడం కాదు, కొట్టి తప్పుకోవడం.

రెండో ప్రశ్నకు నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

దూలమూ_స్తంభమూ

పాతడిస్కు గారు నా వైపే చూసి ఆ చివరి వాక్యం రాశారనుకుంటాను. నేను హైదరాబాదులో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. భవనాలు పడిపోకుండా చూడడం నా జీవనాధారం. అవి ఎలా పడతాయో తెలియకుండా ఆ పని చేయడం కుదరదు. అందువల్ల ఈ ఆట మీద నాకు చాలా ఏళ్ళుగా ప్రత్యేకమైన గౌరవం ఉంది.

ఈ ఆటను తయారుచేసిన వొలిషన్ సంస్థ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉండేది. వారి జియో-మాడ్ 2.0 అనే వ్యవస్థలో భవనం ఒక బొమ్మ కాదు, ముక్కల కూర్పు. ప్రతి ముక్కకూ బరువు ఉంటుంది, ఎంత భారం మోయగలదో ఒక హద్దు ఉంటుంది. మీరు ఒక స్తంభాన్ని పగలగొడితే అది అంతవరకూ మోస్తున్న భారం పక్క స్తంభాలకు చేరుతుంది. అక్కడ హద్దు దాటితే అదీ విరుగుతుంది, భారం ఇంకో చోటికి పోతుంది. ఎంతవరకు విరగాలో ముందుగా ఎవరూ చిత్రించి పెట్టలేదు, ఆట నడుస్తుండగానే లెక్క జరుగుతుంది. ఈ లెక్కను అమర్చిన తొలి రోజుల్లో కళాకారులు అందంగా గీసిన భవనాలు ఎవరూ ముట్టుకోకుండానే, తమ బరువుకు తామే కూలిపోయేవట. నిజంగా నిలబడగలిగేలా మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చిందని ఆ సంస్థవారు చెప్పుకున్నారు. మొదటి సంవత్సరం విద్యార్థుల నమూనాలు పరీక్ష బల్ల మీద కూలడం చూసినవారికి ఈ మాట ఎంత నిజమో అర్థమవుతుంది.

ఇప్పుడు మీ ఒంటి మూల సంగతి. మూడు వైపులా పోయినా నిలబడి ఉన్న భవనం 'పడలేదు' అని అనుకోకండి. దానిలో మిగిలిన సత్తువ, మోయాల్సిన భారం దాదాపు సమానమయ్యాయి అని అనుకోండి. ఆ స్థితిలో పై నుంచి ఒక పెచ్చు రాలినా, ఒక చిన్న శిథిలం జారి మూలకు తగిలినా తూకం తప్పుతుంది. చెవి పెట్టి వినండి. కూలబోయే ముందు కట్టడం మూలుగుతుంది, లోహం కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినిపించాక దాని నీడలో ఎవరూ ఉండకూడదు.

ఎటు పడుతుందన్నది మీ చేతిలో ఉంది. గోడలను కొట్టి మందుగుండు వృథా చేయకండి, ఎందుకంటే చాలా భవనాల్లో గోడ కేవలం తెర. భారం స్లాబు నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి నేలకు దిగుతుంది; ఆ దారిని కంటితో వెతకండి. నివాసాలకు అవతలగా, ఖాళీ నేల వైపున్న స్తంభాలను ముందు తీసేస్తే భవనం ఆ ఖాళీ వైపుకు వంగి పడుతుంది, ఇళ్ళ వైపు పడదు. చెట్టు కొట్టేవాడు ఎటు గాటు పెడితే చెట్టు అటు ఒరుగుతుందన్నది మన ఊళ్ళలో అందరికీ తెలిసినదే, ఇదీ అంతే. పరిమితమైన సాధనాలతో, పరిమితమైన సమయంలో ఒక కట్టడాన్ని నేలమట్టం చేయమనే డెమోలిషన్స్ మాస్టర్ సవాళ్ళు ఆటలో అక్కడక్కడా ఉంటాయి. చాలామంది వాటిని దాటేస్తారు, మీరు మాత్రం వదలకండి. ఈ విద్యను నేర్పే బడులు అవే.

నిజ జీవితంలో ఇలాంటి గొలుసు కూలుడుకు పేరుపడిన ఉదాహరణ లండన్‌లోని రోనన్ పాయింట్. 1968 మే 16న ఆ 22 అంతస్తుల భవనంలో 18వ అంతస్తులోని ఒక వంటింట్లో గ్యాస్ పేలింది. పేలుడు పెద్దది కాదు, కానీ మూలన ఉన్న గోడ పలక బయటికి ఎగిరిపోవడంతో దాని మీద ఆధారపడిన పై అంతస్తులు కూలాయి, ఆ బరువుకు కింది అంతస్తులూ వరుసగా కూలాయి. నలుగురు చనిపోయారు. ఒక ఆధారం పోతే భారం వేరే దారిలో నేలకు చేరగలగాలన్న నియమానికి కట్టడాల శాస్త్రంలో అంత ప్రాధాన్యం వచ్చింది ఆ సంఘటన తర్వాతే. ఈ ఆటలో మీరు చేస్తున్నది ఆ వేరే దారులను ఒక్కొక్కటిగా మూసేయడం.

ఆటలో లేనిది కూడా చెప్పాలి. మనం కట్టే కాంక్రీటులో ఇనుప కడ్డీలు ఉంటాయి, అవి తెగే ముందు సాగుతాయి. దూలం వంగుతుంది, పగుళ్ళు కనిపిస్తాయి, లోపలివారికి బయటపడే వ్యవధి దొరుకుతుంది. ఆటలోని ముక్కలు పుటుక్కున విరుగుతాయి. అంతకంటే పెద్ద సంగతి గాలి. నిజమైన అంగారకుడి మీద వాతావరణ పీడనం భూమి మీద ఉన్నదానిలో ఒక శాతం కూడా లేదు. అక్కడ మనుషులు ఉండే గదిలో భూమి మీది పీడనాన్ని నింపితే ప్రతి చదరపు మీటరు గోడ మీదా సుమారు పది టన్నుల బరువుతో సమానమైన తోపుడు లోపలి నుంచి బయటికి ఉంటుంది. అక్కడ ఇంజనీరుకు పైకప్పు కింద పడుతుందన్న భయం కంటే పైకి లేచిపోతుందన్న భయమే ఎక్కువ. అంగారకుడి గురుత్వాకర్షణ భూమిలో 38 శాతమే కాబట్టి ఆ తోపుడును మట్టి బరువుతో అణచాలంటే, ఘనమీటరుకు 1500 కిలోల చొప్పున లెక్క వేసినా, కప్పు మీద 18 మీటర్ల ఎత్తున మట్టి పోయాలి. ఆటలోని అంగారకుణ్ణి మనుషులు ఊపిరి పీల్చుకోగలిగేలా ముందే మార్చేసినట్టు కథ అల్లారు గనుక సమ్మెటతో గోడ కొట్టి లోపలికి నడిచివెళ్ళడం సాధ్యమైంది. ఆ ఒక్క ఊహ లేకపోతే ఈ ఆటే లేదు.

మన్యం_పాఠకుడు

దూలమూ_స్తంభమూ గారి వివరణ చదివాక ఆటను మళ్ళీ మొదలుపెట్టాలనిపించింది. అయితే ఎర్రధూళి గారి మొదటి ప్రశ్న మీద నాకు పాతడిస్కు గారితో కొంత భేదం ఉంది. లోపం ఆ కొలతలో కంటే ముందే, కథ మొదట్లోనే ఉందని నా అభిప్రాయం.

ముందుగా పేరు గురించి ఒక చిన్న మాట. ఫ్యాక్షన్ అనగానే తెలుగువారికి రెండు కుటుంబాల పగలు గుర్తుకొస్తాయి. ఇక్కడ ఆ మాటకు వర్గం, దళం అని మాత్రమే అర్థం. అయినా అలెక్ మేసన్ కథను చూస్తే మన అర్థమే సరిపోతుందేమో అనిపిస్తుంది, ఎందుకంటే అతను తిరుగుబాటులో చేరడానికి కారణం సోదరుడి హత్య. అంతకుముందు ఆ సోదరుడు పిలిచినా అతను ముందుకు రాడు. అది మనిషి సహజం, తప్పు పట్టను. కానీ గనుల్లో పనిచేసేవారి కూలి ఎంత, పూట ఎలా గడుస్తుంది, పని గంటలు ఎన్ని, ప్రమాదంలో చెయ్యి పోయినవాడి గతేమిటి అన్న సంగతులు ఆటలో ఎక్కడా మన చేతికి తగలవు. ఈడీఎఫ్ క్రూరమైనదని మనకు చెబుతారు, వారు కాల్చడం చూస్తాం. రోజువారీ పీడన మాత్రం గోడల మీది ప్రచారంగానే మిగిలిపోతుంది.

నేను పుట్టిన విశాఖ జిల్లాలో తిరుగుబాటు అనే మాటకు వేరే రూపు ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సేద్యానికి, అడవిలో తిరగడానికి కూడా అడ్డుకట్ట వేసింది. ఆ తర్వాత ఘాటు రోడ్ల పనికి కూలి సరిగా ఇవ్వకుండా మనుషులను తోలారు. ఆ బాధలన్నీ పేరుకున్నాకే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడిచేసి తుపాకులు తీసుకుపోయింది. శత్రువు ఆయుధాలతోనే శత్రువును ఎదుర్కోవడమన్నది ఆ దళానికీ, ఈ ఆటకూ ఉన్న పోలిక. తేడా ఏమిటంటే మన్యంలో దాడి ఎందుకు జరిగిందో అడవిలో కట్టెలు ఏరుకునే మనిషిని అడిగినా చెప్పగలిగేవాడు. ఆటలో ఒక గని కార్మికుణ్ణి ఆపి అడిగే అవకాశం మనకు లేదు.

ఎర్రధూళి గారు తమవారిని చంపుకున్నందుకు బాధపడ్డారంటే ఆ బాధ ఆయన మంచితనం వల్ల కలిగిందే తప్ప ఆట ఆ మనుషులకు ముఖాలు ఇచ్చినందువల్ల కాదు. ఈ మాట ఆటను తక్కువ చేయడానికి అనడం లేదు. ఇంత గొప్ప కూల్చివేత వ్యవస్థను కట్టినవారు అందులో సగం శ్రద్ధ ఆ కార్మికుల మీద పెట్టి ఉంటే ఈ రంగంలో దీనికి సాటి వచ్చేది ఉండేది కాదన్న దిగులుతో అంటున్నాను.

నింగి_లెక్కలు

కథ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఎక్కువమంది గమనించని ఒక విషయం చెబుతాను. దూరం.

2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరింది 2014 సెప్టెంబరు 24న. ఆ ప్రయాణానికి పది నెలలకు పైగా పట్టింది. నేటి రాకెట్లతో అనుకూలమైన ప్రయాణ సమయం కూడా సుమారు 26 నెలలకు ఒకసారే వస్తుంది. మాట పంపాలన్నా కాంతి వేగానికి హద్దు ఉంది: రెండు గ్రహాలూ దగ్గరగా ఉన్నప్పుడు 3 నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు 22 నిమిషాలు, అదీ ఒక వైపుకు. అంటే అంగారకుడి మీద ఒక బ్యారక్ కూలిందన్న కబురు భూమికి చేరి, ఏంచేయాలో ఆజ్ఞ తిరిగి వచ్చేసరికి దాడిచేసినవాడు స్థావరానికి చేరి నిద్రపోతుంటాడు.

ఇలాంటి వలస గ్రహాన్ని భూమి నుంచి పాలించడం కుదరదు. అక్కడే ఉన్న సేనాధిపతికి సర్వాధికారాలు ఇవ్వాల్సివస్తుంది, అలా ఇచ్చిన అధికారానికి లెక్క అడిగేవాడు దగ్గరలో ఉండడు. కాపాడడానికి వచ్చిన ఈడీఎఫ్ యాభై ఏళ్ళలో పీడించే సైన్యంగా ఎలా మారిందన్నదానికి నా దృష్టిలో ఇంతకంటే నమ్మదగిన కారణం లేదు. ఆట ఈ మాటను నోరు విప్పి చెప్పదు. అయితే కథలో అదనపు బలగంతో హైడ్రా అనే పెద్ద నౌక రావడాన్ని అంత పెద్ద విపత్తుగా చూపించడంలో ఈ దూరం దాగి ఉంది. స్థానికంగా ఉన్న సైన్యం ఎంత ఉందో అంతే, దాన్ని అరగదీస్తే గెలుపు మనదే; కొత్త నౌక వస్తే ఆ లెక్క అంతా తలకిందులవుతుంది. గెరిల్లాల ఆశ, భయం రెండూ ఆ ఒక్క లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి. మన్యం_పాఠకుడు గారు అన్నట్టు ముఖాలు లేకపోవచ్చు గానీ, ఎముకల గూడు మాత్రం గట్టిదే.

పాతడిస్కు

మన్యం_పాఠకుడు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. కొలత లోపమని నేనన్నది ఆ పెద్ద లోపానికి ఒక చిన్న కొస మాత్రమే. ఒక్క చేర్పు మాత్రం చేస్తాను. ఆటలో సాల్వేజ్ అని ఒకటి ఉంది: కూల్చిన కట్టడాల నుంచి, ఖనిజపు బండల నుంచి ఏరుకునే తుక్కు. కొత్త ఆయుధం కావాలన్నా, ఎక్కువ ఛార్జులు మోయాలన్నా దాన్నే ఇవ్వాలి. అలెక్ చేతిలో మొదటి నుంచి చివరి దాకా ఉండే సమ్మెట కూడా గనిలో పనిచేసేవాడి పనిముట్టే. శత్రువు కట్టిన దాన్ని పగలగొట్టి, ఆ తుక్కును ఏరి, దాంతో తమ బలం పెంచుకునే ఆ పద్ధతిలో కార్మికుల బతుకు కొంతైనా కనిపిస్తుందని నా నమ్మకం. కథ చెప్పలేకపోయిన దాన్ని చేతి పని కొంత చెబుతుంది.

ఇంకొక సంగతి. 2001లో వచ్చిన మొదటి 'రెడ్ ఫ్యాక్షన్'లో రాతిని పేల్చి సొరంగం తవ్వుకుంటూ పోవచ్చు. ఈ ఆటలో నేల పగలదు, కట్టడాలు మాత్రమే పగులుతాయి. కొండను తొలిచి ఇళ్ళ వెనుకగా దారి చేసుకోవచ్చని ఎర్రధూళి గారు అనుకొని ఉంటే ఆ ఆశ వదులుకోమని ముందే చెబుతున్నాను. 2011లో వచ్చిన తరువాతి భాగం 'ఆర్మగెడాన్' మళ్ళీ నేల కిందికి, ఒకే దారిలో సాగే పద్ధతికి వెళ్ళిపోయింది. ఓపెన్ వరల్డ్ తిరుగుబాటు ఈ ఒక్క భాగంతోనే ఆగిపోయింది. ప్రచురణ సంస్థ టీహెచ్‌క్యూ 2012 చివరలో దివాలా తీసింది. ఈ ఆట హక్కులు ఒకరి చేతికి, తయారుచేసిన వొలిషన్ మరొకరి చేతికి వెళ్ళాయి. చివరికి 2023 ఆగస్టు 31న వొలిషన్‌ను మూసేశారు. ఒకే వ్యవస్థను ఏళ్ళ తరబడి చెక్కిన ఆ మనుషులు తలోదిక్కుకూ పోయారన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ తర్వాత ఎన్నో కొత్త ఆటలు ఆడాను. చాలావాటిలో గోడకు తూటా తగిలితే మచ్చ పడుతుంది, గోడ మాత్రం అలాగే ఉంటుంది.

దూలమూ_స్తంభమూ

ఆ చివరి వాక్యానికి ఒక కారణం చెప్పి తప్పుకుంటాను. ఏ గోడైనా కూలవచ్చునంటే రూపకర్త ఆటగాణ్ణి ఫలానా దారిలోనే నడిపించలేడు. తలుపుకు తాళం వేస్తే అతను పక్క గోడను పగలగొట్టుకొని వస్తాడు. తెలిసి తెలిసి ఆ పట్టు వదులుకోవడానికి చాలామంది సిద్ధపడరు. ఆటగాడి మీద తమ పట్టును తామే వదులుకున్నవారు పట్టు గురించి ఆట తీశారన్నది నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన విషయం.

ఎర్రధూళి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. మీ సమాధానాలు చదివాక నిన్న రాత్రి డస్ట్‌లో అలాంటిదే మరొక భవనం ఎంచుకొని మళ్ళీ ప్రయత్నించాను, ఏం జరిగిందో రాస్తున్నాను.

ముందుగా స్థావరంలో ఆగి అప్రమత్తత ఆకుపచ్చకు దిగేవరకు వేచి ఉన్నాను. లారీ తీసుకోలేదు. భవనం చుట్టూ ఒకసారి నడిచి, దూలమూ_స్తంభమూ గారు చెప్పినట్టు గోడలను వదిలేసి స్తంభాలను లెక్కపెట్టుకున్నాను. ఇళ్ళకు అవతలి వైపున ఉన్న స్తంభాల మొదళ్ళలో ఛార్జులు పెట్టి, రోడ్డు దాటి దూరంగా వెళ్ళి పేల్చాను. భవనం పడలేదు. కాపలావారు బయటికి వచ్చారు, గుర్తు పసుపుకు మారింది, ఇంకో రెండు నిమిషాలు ఆగితే మావారు పరుగెత్తుకొస్తారని తెలుసు. అప్పుడు ఆ మూలుగు వినిపించింది. ఇన్ని రోజులూ ఆ చప్పుడును నేపథ్య సంగీతంలో భాగమనుకున్నాను. తుపాకీ దించి, మిగిలిన మధ్య స్తంభాన్ని సమ్మెటతో రెండు దెబ్బలు కొట్టి వెనక్కి పరుగెత్తాను. భవనం ఇళ్ళ వైపుకు కాకుండా ఖాళీ నేల వైపుకు మోకాళ్ళ మీద కూర్చున్నట్టుగా ఒరిగి పడింది. ఆ దుమ్ములో కాపలావారు నన్ను వెతుకుతుండగా బండెక్కి వెళ్ళిపోయాను. పట్టు తగ్గింది, మనోస్థైర్యం తగ్గలేదు.

మన్యం_పాఠకుడు గారి మాట గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ ఉదయం ఆట తెరిచి ఏ దాడీ చేయకుండా డస్ట్‌లో ఆ నివాసాల మధ్య కాసేపు నడిచాను. నిజమే, అక్కడివారితో మాట్లాడే వీలు లేదు. నేను పడగొట్టిన భవనం తుక్కు రోడ్డు అవతల అలాగే ఉంది, దాని పక్కనుంచే జనం నడిచి వెళుతున్నారు. మొదటి రోజు లారీ తోలిన చోటికి మాత్రం వెళ్ళలేదు.

సాల్వేజ్ సరిపడా చేరింది. ఒకేసారి ఎక్కువ ఛార్జులు పెట్టగలిగే మార్పును ముందు తీసుకోవాలా, లేక కొత్త ఆయుధం తీసుకోవాలా అన్నది తేల్చుకొని రేపు తర్వాతి సెక్టారైన బ్యాడ్‌లాండ్స్ వైపు బయలుదేరుతాను.

పాతడిస్కు

ఛార్జులే తీసుకోండి. ఇప్పుడు మీకు వాటిని ఎక్కడ పెట్టాలో తెలుసు.